శాలువాతో పాటు కొన్న తాళం

కరస్పాండెంట్ గారూ, శాలువా కొన్న రోజే మీరు తాళం కూడా కొన్నారు. కాదనగలరా? శాలువా ఈ బల్ల మీద ఉంది. తాళం మేడమీది జపనీస్ తరగతి గదికి పొద్దున్నే పడింది.

అధ్యక్షత వహిస్తున్న మా నర్సింగ్ కాలేజీ కరస్పాండెంట్ కిషన్ రావు గారికి, పెద్దలకు, తోటి అధ్యాపకులకు, బస్సు దాటిపోతుందేమోనని గడియారం చూస్తున్న పిల్లలకు నమస్కారాలు. రిటైరవుతున్న మా జపనీస్ టీచర్ స్నేహలత గారిని నాలుగు ముక్కలు పొగిడి కూర్చోమన్నారు. పొగడ్తలు ముందువాళ్లే పూర్తిచేశారు కనుక నేను ఆమె పాఠం ఒకటి చెబుతాను. సోషియాలజీ చెప్పేదాన్నే గానీ, సాయంత్రాలు ఆమె క్లాసులో వెనక బెంచీ నాదే. (నవ్వులు)

ఒక పని అయీ అవకముందే ఇంకొకటి అయితే మనకు 'గానే' చాలు. బస్సు దిగగానే వాన పడుతుంది, ఇంటికి చేరగానే ఫోన్ చేస్తాం. జపాన్ వాళ్లకు చాలదు. అనుకోకుండా వచ్చిపడేదానికి 'తొతన్', చేస్తానని మాటిచ్చేదానికి 'షిదై'. ఇలాంటి తేడాలు పట్టుబడకపోతే ఈ పిల్లలు డిసెంబర్‌లో జపనీస్ పరీక్ష గట్టెక్కరు, అక్కడి ఆసుపత్రి ఉద్యోగమూ రాదు.

నెక్కొండ నుంచి రైల్లో వచ్చే అనూష ఒకసారి లేచి, "మేడమ్, ఇంటికి పోయిన తొతన్ అన్నం తిన్న, అనొచ్చా?" అంది.

"అన్నమే వచ్చి నీ నోట్ల పడ్డదా బిడ్డా? కావాల్నని నువ్వే తిన్నవ్ గద! నువ్వు చేసిన పనికి అది పెట్టరాదు," అన్నారు స్నేహలత గారు.

ఇందాక కిషన్ రావు గారు ఏమన్నారు? "మేడమ్ రిటైర్ కాంగనే క్లాస్ బందైతాంది, చెప్పెటోళ్లు లేరు, ఏం జేద్దాం?" తాళం తనంతట తాను నడిచొచ్చి గొళ్లేనికి వేలాడిందా? చెప్పేవాళ్లు లేరా? ఆ క్లాసులో ఒక ఆనవాయితీ ఉంది. పాఠం వచ్చిందని ఊరికే అంటే మేడమ్ నమ్మరు. కింది బ్యాచ్‌కు నిలబడి చెప్పి చూపించాలి. అలా చెప్పీ చెప్పీ పెద్ద పరీక్ష పాసైన లావణ్య అదిగో, మూడో వరుసలో ఉంది. మేడమ్ మోకాలి ఆపరేషన్‌కు దవాఖానలో ఉన్నన్నాళ్లూ క్లాసు నడిపింది ఆమే. కిషన్ రావు గారూ, ఒక్కసారి మేడ ఎక్కి ఉంటే మీకూ తెలిసేది.

("రమ మేడమ్, జర తొందరగ... చాయ్ చల్లారుతాంది!" అని వెనకనుంచి అటెండర్.)

చల్లారనీ భానుచందర్ అన్నా, మళ్లీ కాగబెట్టుకుందాం.

స్నేహలత గారూ, మీరు వెళ్తున్నందుకు నాకు బాధ లేదు. విశ్రాంతి మీ హక్కు. బాధ లేదన్నాను గానీ, పొద్దున ఆ తాళం చూసి మీరు తలుపు మీది సుద్ద మరకను కొంగుతో తుడిచి మెట్లు దిగారే, అది నేను చూశాను.

కాబట్టి అడుగుతున్నాను.

తాళంచెవి ఇప్పుడే, ఈ వేదిక మీదే, లావణ్య చేతికి ఇవ్వాలి.

ఆమెను అధ్యాపకురాలిగా తీసుకున్నట్టు రేపటికల్లా ఉత్తర్వు రావాలి.

పరీక్ష దాకా సాయంత్రం క్లాసు ఒక్కరోజూ ఆగకూడదు.

ఇవి తేలేదాకా ఆ శాలువా మడత విప్పకూడదు.

ఓపికగా విన్నారు, కృతజ్ఞతలు. తాళంచెవి కనబడ్డాక సెలవు తీసుకుంటాను. అందాకా మైకు దగ్గరే ఉంటాను.