కెప్టెన్ విలియం సవరం

ఏటమ్మా సత్యశ్రీ, నవ్వుతున్నావ్? మన ఇంట్లో ఇంగ్లీషోడి కథేటని గావాల. ఉందమ్మా, కూకో. ఆ కూలర్ కాస్త తగ్గించు, నా గొంతు నాకే వినబడట్లేదు. నా తాతకి తాత, ఆయనకీ తాత, జగ్గయ్య. విశాఖపట్నంలో పడవ నడిపేవోడు. అప్పుడు హార్బరెక్కడిది? ఓడ అల్లంత దూరంలో లంగరేసి ఆగిపోయేది, ఒడ్డుకి రావాలంటే మనోళ్ల పడవెక్కాల్సిందే. ఆ పడవకి ఒక్క మేకుండదు, తెలుసా! చెక్కల్ని కొబ్బరితాడుతో కుట్టేస్తారు, మీ నూకమ్మ మామ్మ బొంత కుట్టినట్టు. కెప్టెన్ విలియం అని ఒకడొచ్చాడు. పన్నెండేళ్లకే ఓడెక్కినోడు, ఆఫ్రికా చుట్టి, తుఫాన్లు దాటి, ఏడెనిమిది నెల్లకి మొదటిసారి ఇక్కడికి చేరాడు. అంతటోడికి ఈత రాదు! బాప్‌రే, నేనూ నమ్మలేదు. పడవలోకి తొంగి చూసి, సైగల్తోనే "మేకేదీ? మేకు లేకుండా నేనెక్కను!" అన్నాడట. జగ్గయ్య ఏమో "దొరా, కెరటం గుద్దితే పడవ వంగాలి, బిగించేస్తే విరిగిపోద్ది" అని మొత్తుకున్నాడు. వింటాడా? మీ మామ్మ నా మాట వింటాదా, అలాగే. ఓడలో వడ్రంగి చేత ఠకఠకా చుట్టూ మేకులు కొట్టించాడు.

మూడో కెరటానికి, ఫట్! పడవ రెండు ముక్కలు. కెప్టెన్ మునిగిపోతన్నాడు. జగ్గయ్య ఈదుకెళ్లి జుట్టు పట్టుకు లాగితే, జుట్టంతా చేతిలోకొచ్చేసింది! "ఒలమ్మో, దొర తల ఊడొచ్చేసిందిరో!" అని ఒకటే ఏడుపు. అది సవరమే తల్లీ! గుండు మీద సవరం! మగాడికి! హహ్హా... ఆగు, దగ్గొస్తంది, నీళ్లియ్యి. మళ్లీ మునిగి, ఈసారి చెవి పట్టుకుని ఒడ్డుకి ఈడ్చేశాడు. కెప్టెన్ ఇసకలో కూకుని సవరం పిండుకుంటూ నవ్వాడట, జగ్గయ్యా నవ్వాడట, ఒకరి భాష ఒకరికి రాదు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా జగ్గయ్య కుట్టిన పడవే. ఎక్కేముందు సవరం తీసి జగ్గయ్య నెత్తిన పెట్టి, తన చెవి చూపించేవోడు, మునిగితే ఇది పట్టుకో అని. ఒడ్డు మీద జనం విరగబడి నవ్వడం. ముప్పై ఏళ్లు ఈ స్టీల్ ప్లాంటులో ఇనుము కరిగించాన్నేను, మేకు చూస్తే ఇప్పటికీ నవ్వొస్తాది.

ఒక ఏడాది ఓడొచ్చింది. జగ్గయ్య ముందే నెత్తి దువ్వుకుని పడవేసుకెళ్లాడు. దిగినోడు వేరే కెప్టెన్. మా దొరేడని అడిగితే, సంద్రం వైపు వేలు చూపించి, మూటొకటి ఇచ్చాడట. అందులో సవరం. జగ్గయ్య అది నెత్తిన పెట్టుకునే ఒడ్డుకొచ్చాడు. ఆ రోజు ఎవులూ నవ్వలేదు.

ఏటి? లేదమ్మా, దగ్గే. ఆ కూలర్ పెంచు, ఉక్కగా ఉంది.