పిడికిలి దూరిన చోటు

కూర్మన్నపాలెంలో కడుతున్న ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు. కాంక్రీటు పోయాల్సిన బీము మీద, కట్టిన ఊసల మధ్య, రాడ్ బెండింగ్ మేస్త్రి కూర్చుని ఉన్నాడు. సైటు ఇంజనీరు అతని ఎదురుగా నిలబడి ఉంది.

“లేవండి మేస్త్రీ. మిక్సర్ లారీ గేటు దగ్గరికొచ్చేసింది.”

“రానీండి మేడమ్. నా మీదే పోసీమనండి.”

“బీము ఊసల చుట్టూ విడి రింగులు కట్టే పని పోయిందని మీకు కోపం. అందుకే వాటి బదులు నేను పెట్టించిన స్ప్రింగుకి వంకలు పెడుతున్నారు.”

“ఒకే ఊసని స్ప్రింగులా సుట్టడం మంచి ఆలోసనే. నాను కాదన్లేదు. పొడుగు సాల్లేదని మీవోలు రెండు సివర్లూ పట్టి లాగీసినారు. పిల్లర్ల కాడ సుట్లు ఎడంగా అయిపోనాయి.”

“ఆ కాస్త తేడాకి ఏమవుతుంది?”

“బీము పగిలితే ముందు పగిలేది పిల్లరు కాడే. అక్కడ రింగుకీ రింగుకీ మజ్జిన నా పిడికిలి దూరకూడదు. ముప్పై ఏళ్ల నుంచి నాను సూసుకునేది అదే. ఇదిగో, మోసేతి దాకా ఎలిపోతంది.”

“మీ పిడికిలి డ్రాయింగులో లేదు.”

“అయితే మీ పిడికిలెట్టి సూడండి.”

“ఏదీ, ఎక్కడ?”

“దూరిందా?”

“దూరింది.”

“ఆ సివరా ఈ సివరా విడి రింగులు కలిపి కట్టీస్తాను. సాయంత్రం దాకా పడతాది. కాంట్రాక్టరు కేకలేస్తాడు, మీరు కిందకెల్లిపోండి. నాను మాత్రం లెగను.”

“ఉండండి, ఆయనే ఫోన్ చేస్తున్నాడు. హలో... లారీ వెనక్కి పంపేయండి సార్. కాదు సార్, మేస్త్రిగారొక్కరే కాదు. బీము మీద నేనూ కూర్చున్నాను.”