మాట ముందు, బొమ్మ తర్వాత

గోడకున్న ఇంటర్నెట్ స్విచ్ పెట్టె కింద, ఒళ్లో లాప్‌టాప్‌తో కోడలు. భుజం మీదుగా తొంగిచూస్తూ అత్తగారు. పదకొండింటికి ఆసుపత్రి కంప్యూటర్ విభాగం పెద్దాయన తెరమీదకొచ్చి, ఉద్యోగానికి ప్రశ్నలు అడగాలి. ఎనిమిది నిమిషాలు దాటింది. తెరమీద సున్నా ఒకటే తిరుగుతోంది.

“అంటే ఈ పెట్టెలో నా సీరియల్‌ని చివర్లో పడేశావన్నమాట!”

“పడెయ్యలేదు అత్తయ్యా, వెనక నిలబెట్టాను.”

“రెండూ ఒకటి కాదుటే?”

“కాదు. వెనకున్నా లోపలికొస్తుంది. అయ్యో, ఇంకా తిరుగుతూనే ఉంది! తొమ్మిదో తరగతితో బడి మానేసిందానికి ఉద్యోగమేంటి అనుకుని వెళ్లిపోయుంటారు.”

“ఏడిశావ్! చంటాడికి పాలిస్తూ కంప్యూటర్ చదువు చదివావు, ఊరికే పోతుందా? అది సరే, నన్నెందుకు వెనక నిలబెట్టావ్? చెప్పందే కదలను.”

“మనింటికీ బయటికీ మధ్య నెట్ దారి ఒకటే, సన్నది. ఖాళీగా ఉంటే ఎవరు పోయినా గొడవ లేదు. అందరూ ఒక్కసారి తోసుకొస్తేనే ఈ పెట్టె వరుస కట్టిస్తుంది.”

“వరుసలో పెద్దవాళ్లు ముందుండాలి మరి.”

“ఇక్కడ పెద్దా చిన్నా లేదు, ఎవరు ఆగలేరో వాళ్లే ముందు. మీ సీరియల్‌ని టీవీ కాస్త ముందే తెచ్చి దాచిపెట్టుకుంటుంది, ఓ క్షణం ఆలస్యమైనా మీకు తెలీదు. మాటకి ఆ వీల్లేదు. ముక్క ఇప్పుడొకటి, తర్వాతొకటి వస్తే ఇంకేం మాట? అందుకే మాట ముందు, బొమ్మ తర్వాత, సీరియల్ ఆ తర్వాత. మామయ్య ఫోన్ పేకాట అన్నిటికన్నా చివర.”

“అదొక్కటి బాగా చేశావ్!”

“నవ్వించకండి అత్తయ్యా, ఆయన ఇప్పుడే వచ్చేస్తే!”

“మరి చంటాడి గదిలో కెమెరా?”

“వాడి ఏడుపు మొదటి వరుస. వాడి బొమ్మ రెండోది.”

“ఎందుకొచ్చిన తంటా? అందరినీ మొదటి వరుసలోనే పెట్టెయ్యరాదూ!”

“నిన్న అదే చేశా. వాడి మీద బెంగతో, ఎందుకైనా మంచిదని అన్నిటికీ ఒకటో నంబరే ఇచ్చేశా. అందరూ ఒకటైతే ఇంక వరుసెక్కడిది? వాడు ఏడ్చీ ఏడ్చీ తొట్టిలో లేచి నిలబడ్డాక గానీ నాకు వినబళ్లేదు.”

“అదా సంగతి! వాడు మొదటిసారి నిలబడ్డాడని నేను సంబరపడుతుంటే!”

“పైగా మొదటి వరుసకీ హద్దుండాలి. ఎంతసేపూ వాళ్లనే వదిలితే వెనకున్న మీకు పొద్దస్తమానం కదలకుండా ఒకటే సీను.”

“అమ్మో! పెట్టావా హద్దు?”

“పెట్టా పెట్టా, దారిలో మూడో వంతు. పన్నెండు నిమిషాలు! ఆయన రారు. ఇంక రారు.”

“ఉండవే, ఇంకొక్క నిమిషం—”

“నా వల్ల కాదు. మూసేస్తున్నా—”

“మూయకండమ్మా, మూయకండి! తెరమీద నా బొమ్మే రాలేదు గానీ, పదకొండు నుంచీ మీ మాట నాకు ఖణేల్‌మని వినిపిస్తోంది. నేనడగాల్సినవన్నీ మీ అత్తగారే అడిగేస్తుంటే మధ్యలో ఆపబుద్ధి కాలేదు. మా ఆసుపత్రిలో నలభై మంది డాక్టర్లున్నారు, ప్రతి ఒక్కరికీ తామే ముందుండాలి. సోమవారం వచ్చి వాళ్లని కాస్త వరుసలో నిలబెట్టండి.”