పెద్ద సిస్టర్ కూర్చున్న కుర్చీలు

రేపే కాన్వెంటు బడి తెరుస్తారు. ఒకటో తరగతి గదిలో ఆయా తడిగుడ్డతో బల్లలు తుడుస్తుంటే, కొత్త టీచర్ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆయమ్మా, పెద్ద సిస్టర్ ఆ బుల్లి కుర్చీలో ఇరుక్కుని కళ్లు మూసుకున్నారేంటి? ఒంట్లో బాలేదా?"

"మెల్లగా టీచరమ్మా. ప్రార్థనలో ఉన్నారు. ఏటా ఇంతే. ఒక్కో కుర్చీలో కూర్చుని, రేపు అందులో కూర్చోబోయే బిడ్డ పేరు చెప్పి దేవుడికి అప్పజెబుతారు."

"ముప్పై ఆరు కుర్చీల్లోనూనా? ఆ మోకాళ్లతోనా?"

"లేచేటప్పుడు నా భుజం పట్టుకుంటారు లెండి. కళ్లు తెరిచాక బోర్డు కనిపిస్తుందో లేదో కూడా చూస్తారు. ఆ మూల నుంచి సిలువ కనబడట్లేదని ఇందాకే నాచేత బీరువా జరిపించారు."

"నాకింకా పిల్లల పేర్లే నోటికి రాలేదు. రేపటి సంగతి తలుచుకుంటేనే భయమేస్తోంది."

"మీకేం భయం లేదు."

"అంత ధీమాగా ఎలా చెప్తున్నావు?"

"పొద్దున అన్నిటికంటే ముందు మీ కుర్చీలోనే కూర్చున్నారు. పిల్లలకి తలా ఒక నిమిషం. మీ కుర్చీలోంచి మాత్రం నేను గదంతా ఊడ్చేదాకా లేవలేదు."