ఆల్చిప్పకు ఎర్ర లైటు

హలో… ఆ, నేనే, కోమలనే. అక్క గొంతు కూడా మర్చిపోయినావా జానకిరామా? … జలుబేం లేదు. నిన్నంతా అరిచి అరిచి ఇట్లయిపోయింది.

… బతికే ఉండాది. అక్కా బాగుండావా అని అడగవు, ముందు ఆల్చిప్ప ఎట్లుండాదనే అడుగుతావు! కొళత్తూరులో రంగు చేపలంగడి పెట్టినోడివి, నీ బుద్ధి ఇంగ యాడికి పోతాది!

… ఉండు, మొదటి నుంచి చెప్తా. నిన్న లైను మధ్యలో తెగిపోయింది కదా, నీకు సగమే తెలుసు.

మీ బావ ఆ అద్దాల తొట్టి ఎందుకు కొన్నారనుకున్నావు? … చేపల మింద ప్రేమా? పక్కింట్లో చేపల పులుసు కాగితే కిటికీ మూసే మనిషి రా ఆయన! వేలూరులో మావట్టం ఇంటికి పోయినారు — అదే, మన కచ్చికి, పార్టీకి జిల్లా కార్యదర్శి, ఆయన్ని అందరూ మావట్టం అనే కదా పిలిచేది — ఆయన హాల్లో ఉప్పునీళ్లు పోసిన సముద్రం తొట్టి చూసినారు. మున్సిపాలిటీ చైర్మన్ సీటు కావాల్నంటే మనింట్లో కూడా సముద్రం ఉండాల్నని తోచింది. గుడియాత్తం ఏట్లో నీళ్లు లేవు, మీ బావ గోపాలస్వామి ఇంట్లో సముద్రం!

… ఆ, నువ్వు ఆల్చిప్పను తొట్టిలో పెట్టి, నీలం, తెలుపు లైట్లు కట్టిచ్చి పోయినావు. ఎంత బాగా విచ్చుకునేది! పట్టుచీర అంచు మాదిరి, నీలంగా… అంతా గుర్తుండాది. దాని కండలో కంటికి కనపడని నాచు ఉండాది, ఆ నాచు వెలుతురు తిని దానికి అన్నం పెడ్తాది. నేనేం మర్చిపోలే. మర్చిపోయింది మీ బావ.

ఏం చేసినారా? మావట్టం మనూరి మైదానంలో కూట్టానికి, మీటింగుకు వస్తా ఉండారు, మాట్లాడేదానికి ముందర మనింట్లో కాఫీ తాగుతారని కబురొచ్చింది. అంతే. "ఈ నీలం ఏంది? మన కచ్చి రంగు యాడ?" అన్నారు. నీలం ఇంగో కచ్చిదంట! … సముద్రానికి కచ్చి ఏందని నేనూ అడిగినా. "రాజకీయం నీకు తెలీదు, లోపలికి పో" అన్నారు.

నీ లైట్లు పీకేసినారు. పీకేటప్పుడే పగిలినాయి. … తిట్టుకో, నేనూ తిట్టినా. ఎర్ర ట్యూబులు కట్టిచ్చినారు. మన కచ్చి జెండాలో నలుపు కూడా ఉండాది కదా — మన మగ్గాల కరెంటు పని చూసే వేలాయుధాన్ని పిలిచి, నల్ల లైటు తెమ్మన్నారు! … నిజం రా! బజారంతా తిరిగొచ్చి, "నల్లది యాడా దొరకలేదయ్యా, సగం ఆర్పేస్తే అదే నలుపు కదా" అన్నాడు. … నవ్వొద్దు. మీ బావకు అది నచ్చలేదు. సగం ట్యూబులకు నల్ల పెయింటు పూయిచ్చినారు!

హాలంతా ఎర్రగా… పెరుగన్నం కూడా కుంకుమ కలిపినట్టు కనపడేది. ఆల్చిప్ప మూసుకునింది. సందులోంచి చూస్తే అంచు తెల్లబారిపోతా ఉండాది. "సిగ్గుపడ్తా ఉండాది, మావట్టం వస్తే తెరుస్తాది" అంటారు మీ బావ. ఆయన వస్తే మనుషులే నోరు తెరవరు, ఇదేం తెరుస్తాది!

… నాకా? బాధగానే ఉండినింది. తెల్లవారి కాఫీ తాగేది దాని పక్కనే కదా. నా నీడ పడితే ముడుచుకునేది, నేను జరిగితే మళ్లీ విచ్చుకునేది. ఈ ఇంట్లో నేను వచ్చిందీ పోయిందీ గమనించేది అదొక్కటే… లేదు లేదు, ఏడవలేదు. ఊరికే చెప్తా ఉండా.

అందుకే నిన్న నీకు ఫోన్ చేసినా. "మెటల్ హాలైడ్ లైటు, మైదానంలో స్టేజీకి కడతారే, అదైనా చాలు" అన్నావు. అంతలో లైను తెగింది. … తెగితే ఏం, నాకు అంత చాలు. మీ బావ కూట్టానికి అవే కదా కట్టిచ్చినారు! వేలాయుధంతో "ఒకటి పట్టుకోని రా, అయ్య చెప్పినారని చెప్పు" అన్నా. … అబద్ధమే, కాదన్లే. ఒకటి తెమ్మంటే, అన్నీ ఒకే ఇనప కమ్మీకి బిగించి ఉండాయని కమ్మీతో సహా ఆటోలో ఏసుకోని వచ్చినాడు!

… తెలుసు, పైనే కట్టిచ్చినా. దగ్గరగా పెడితే కమిలిపోతాది కదా. ఒక్కటే వెలిగిచ్చినా. నీళ్లు వేడెక్కకుండా టేబుల్ ఫ్యాను తిప్పినా. … మూర మల్లెపూలు కట్టేంత సేపు ఏమీ లేదు. ఆ తర్వాత చిన్న సందు… మెల్లిగా అంచు బయటికొచ్చింది. మధ్యలో నీలం ఇంగా ఉండాది రా! అంతా పోలేదు!

సరిగ్గా అప్పుడు మావట్టం కారొచ్చింది. … మీ బావ యాడ ఉంటారు? లైట్లు ఎవురు ఎత్తుకోని పోయినారని మైదానంలో ఎగురుతా ఉండారు. మావట్టం నేరుగా తొట్టి ముందర కూర్చున్నారు. కాఫీ చల్లారిపోయింది, ఆయన లేవరు. ఆయనింట్లో పెట్టిన ఆల్చిప్పలన్నీ చచ్చిపోయినాయంట! "ఏం లైటమ్మా ఇది? ఎంత ఎత్తులో కట్టాల?" అని నన్ను అడుగుతా ఉండారు. నువ్వు చెప్పిందంతా నా తెలివి మాదిరి చెప్పేసినా. … సరే, నీ పేరు కూడా చెప్తాలే ఇంగోతూరి.

అక్కడ మీ బావ చీకట్లోనే మాట్లాడినారంట, కరెంటు కోతల మింద. "ఈ ప్రభుత్వంలో వెలుగనేదే లేదు" అన్నారంట. అన్ని చప్పట్లు ఆయన జన్మలో పడలేదు!

… తర్వాతనా? మావట్టం పోయి మైకు తీసుకున్నారు. మనూరి చైర్మన్ సీటు ఈ తూరి ఆడవాళ్లకంట, వేట్పాళరు — ఎలక్షన్లో నిలబడేది — కోమలమ్మ అనేసినారు. … నేనే రా! ఇంగొక కోమల యాడుండాది? … చీకట్లో మీ బావ మొహం ఎవురికీ కనపడలేదు, అదొక మేలు.

పొద్దున్నే మీ బావ పోస్టరు చూపిచ్చినారు. ఆయన బొమ్మ తలుపంత, నాది స్టాంపంత. "నువ్వు చెయ్యెత్తి దండం పెడితే చాలు, తక్కిందంతా నేను చూసుకుంటా" అంటా ఉండారు.

… ఏమన్నావు? … ఇష్టమా అనా… నిన్నటి నుంచి ఆ మాట అడిగింది నువ్వొక్కడివే రా.

… తెలీదు. కానీ నేతోళ్ల వీధిలో దీపాలు లేవు, ఆ వీధిలో ఉండే చెల్లమ్మ చీకట్లో కాలువలో పడి కాలు విరగ్గొట్టుకునింది. ఆల్చిప్పకు స్టేజీ లైట్లు తెప్పిచ్చినదాన్ని, ఆ వీధికి తెప్పిచ్చలేనా? … ఆ. నిలబడతా. నా బొమ్మ తలుపంత ఎయ్యమంటా.

అయ్యో, కరెంటు పోయింది! ఉండు — ఏమండీ! జనరేటరు ఎయ్యండి! ఆల్చిప్ప చీకట్లో ఉండాది! … ఎవురు చెప్పిందా? వేట్పాళరు చెప్పింది!

… ష్, ఉండు రా… మీ బావ లేస్తా ఉండారు… లేచినారు జానకిరామా, నిజంగా లేచినారు! పెట్టేస్తా.