తోలు అట్ట పుస్తకం, వరస తప్పిన అంకం

అత్తయ్యా, అమ్మాయీ, మా నాటక సమాజం మిత్రులారా! కుర్చీలు చాలక గుమ్మం దాకా నిలబడ్డ మీ అందరికీ నమస్కారం. పుస్తకాలు కుట్టే మన బైండింగు మామయ్య పోయి వారమైంది. బాధ లేదని అనను. కానీ నా గుండె ఇవాళ తేలిగ్గా ఉంది. ఎందుకో చెప్పకుండా ఈ మైకు వదలను.

మా సమాజం బీరువాలోని రష్యన్ నాటకాల సంపుటి మీకు తెలుసు. ఎర్ర తోలు అట్ట, బంగారు అంచు. వంద కాపీలే వేశారు, మాది నలభై ఒకటోది. బీరువా తాళం చెవి నా జేబులోనే ఉండేది. అంత జాగ్రత్తపరుణ్ణి, ఓ రిహార్సల్లో దాన్ని స్టూలు మీద బోర్లా వేసి టీకి వెళ్లాను. వచ్చేసరికి మన విలన్ వేషధారి దాని మీద కూర్చున్నాడు. పుస్తకం వెన్ను విరిగింది.

"పుస్తకాన్ని బోర్లా పడుకోబెట్టేవాణ్ణి బెంచీ మీద బోర్లా పడుకోబెట్టాలి" అన్నారు మామయ్య. తిడుతూనే నెలరోజులు కూర్చుని, అదే తోలు అట్టలో కొత్తగా కుట్టి తెచ్చారు.

ఆ పుస్తకం చూసే అందులోని ఓ నాటకం వేశాం. గుర్తుందా? పోస్టుమాస్టరు ఊరొదిలి వెళ్లిపోతాడు. తర్వాతి అంకంలో తలుపు తోసుకుని వచ్చి టీ అడుగుతాడు. వెళ్లినవాడు తిరిగొచ్చాడని జనం వెక్కి వెక్కి ఏడ్చారు! నేను మామయ్యను స్టేజీ మీదికి లాగి కావలించుకున్నాను. ఆయన ముఖం పాలిపోయింది. చప్పట్లకు సిగ్గుపడ్డారనుకున్నాను.

తొమ్మిదేళ్లు ఆ మాట కడుపులో దాచుకున్నారు. పోయిన నెల మంచం పట్టాక కబురు చేశారు. "డైరెక్టరు గారూ, రెండో అంకం కాగితాలూ మూడో అంకం కాగితాలూ తారుమారుగా కుట్టాను. ఆట చూస్తుంటే తెలిసింది. మీ సంబరం చూసి చెప్పడానికి నోరు రాలేదు."

నాకు నవ్వొచ్చింది. అసలు వరసలో పోస్టుమాస్టరు తిరిగి రాలేదు, టీ అడిగేటప్పటికి ఇంకా వెళ్లనే లేదు! అంకాల మొదట్లో అంకెలు లేవు, బొమ్మలే. నిజమే. కానీ పేజీల అడుగున నంబర్లున్నాయి కదా? ఇంతమందిమి, ఒక్కరమైనా చూశామా? తప్పు ఆయనొక్కరిదేనా?

జనానికి నచ్చింది, అలాగే ఉండనివ్వండి అన్నాను. కోపం వచ్చింది ఆయనకి. "రాసినాయన ఒకలా రాస్తే ఇంకోలా కుట్టడానికి నేనెవణ్ణి?"

పుస్తకం తెప్పించుకుని కుట్టు విప్పారు. ఇక ఎక్కువ రోజులు లేవన్నాడు డాక్టరు. వాళ్ల అమ్మాయి సూదికి దారం ఎక్కించేది, అత్తయ్య వీపు వెనక దిండు పట్టుకునేది. రోజుకు నాలుగు కుట్లు. ఓ రోజు సూది జారిపోయి అలాగే పడుకుండిపోయారు. ఇక పూర్తి కాదేమోనని, ఆ దిగులుతోనే పోతారేమోనని నేనెంత భయపడ్డానో! తొమ్మిదో రోజు ముడి వేశారు. జిగురు పూసి, బరువు పెట్టి, ఎప్పటిలాగే అన్నారు: "ఆరేదాకా ఎవరూ ముట్టుకోకండి, మాట్లాడకండి."

ఆ మధ్యాహ్నం గురకపెట్టి నిద్రపోయారట. నెల తర్వాత విన్న గురక అని అత్తయ్య నవ్వింది. మూడు రోజులకు వెళ్లిపోయారు. ఏ బరువూ లేకుండా వెళ్లారు.

ఇదిగో పుస్తకం, ఆయన ఫోటో ముందు. వచ్చే నెల ఆ నాటకం మళ్లీ వేస్తాం. ఈసారి పోస్టుమాస్టరు వస్తాడు, టీ తాగుతాడు, వెళ్లిపోతాడు. తిరిగి రాడు. మామయ్య సరిచేసిన వరస అదే.

అందరం లేచి నిలబడదాం. జిగురు ఇంకా ఆరుతోందనుకుందాం. కాసేపు మాట్లాడకుండా ఉందాం.