రెండు మిల్లీమీటర్ల వంకర

అధ్యక్షులవారికి, షాపులు మూసుకుని వచ్చిన వెల్డర్లకి, మా వీధివాళ్ళకి, చుట్టాలకి నమస్కారం.

మా ఆయన పోయి మూడు వారాలైంది. ఇంటి వెనక రేకుల షెడ్డు తలుపు నేనింకా తీయలేదు. ఆయన చేతి తొడుగులు లోపల మేకుకే వేలాడుతుంటాయి. మీరంతా ఆయన కోసం వచ్చారు. సంతోషం అనకూడదేమో గాని, గుండెకి కాస్త ఆసరాగా ఉంది.

నేను పదో తరగతి వరకే చదివాను. సభల్లో మాట్లాడడం రాదు. గట్టిగా మాట్లాడడం అంతకన్నా రాదు. వెనక వరసలో వినపడకపోతే చెయ్యెత్తండి. రెండు మంచి మాటలు చెప్పి, దణ్ణం పెట్టి దిగిపోదామనే వచ్చాను. కానీ నాకన్నా ముందు అధ్యక్షులవారు మాట్లాడారు. పెద్దవాళ్ళు పట్టుకుని నడిచే వాకర్ల కోసం ఆ ఫిక్చర్‌ని తమ షాపులో తామే తయారు చేశామన్నారు. మా ఆయన పక్కనుండి చేతిసాయం చేశాడన్నారు. మీలో కొందరు తలలు కూడా ఊపారు.

చేతిసాయం!

అన్నయ్యగారూ, మిమ్మల్ని ఇరవయ్యేళ్ళుగా ఇలాగే పిలుస్తున్నాను. ఇప్పుడూ ఇలాగే పిలుస్తాను. ఆ ఫిక్చర్‌లో ఒక దిమ్మె మిగతావాటితో కలవదు. రెండు మిల్లీమీటర్లు బయటికి ఉంటుంది. ఎందుకో చెప్పగలరా? తొందరలేదు, మంచినీళ్ళు తాగండి. ఈలోగా నేను చెబుతాను.

ఫిక్చర్ అంటే తెలియని ఆడవాళ్ళున్నారు. వెల్డింగ్ చేసేటప్పుడు పైపులు కదలకుండా, ప్రతిసారీ ఒకే కొలతకి వచ్చేలా పట్టి ఉంచే ఇనప చట్రం అది. ఎవరి పనికి తగ్గది వాళ్ళే చేసుకోవాలి. మా అత్తగారికి తుంటి ఎముక విరిగినప్పుడు ఆవిడ కోసం మా ఆయన ఒక వాకర్ చేశారు. ఊగింది. ఒక కాలు నేలకి అంటలేదు. అత్తగారు మంచం మీద నుంచే, "ఒరేయ్, ఇది నన్ను నడిపించడానికా, పంపించడానికా?" అన్నారు. కోసేసి మళ్ళీ చేశారు. మళ్ళీ ఊగింది.

అప్పుడు మందపాటి ఇనప పలక ఒకటి తెచ్చి, షెడ్డులో బల్ల మీద పెట్టుకుని ఫిక్చర్ మొదలుపెట్టారు. ఈ మూల నుంచి ఆ మూలకి దారం పట్టి కొలిచేవారు. ఆ దారం రెండో కొస ఎవరు పట్టుకున్నారనుకున్నారు? నేను. వంటింట్లోంచి పిండి చేతులతో వచ్చి పట్టుకునేదాన్ని. దారం జారిపోతోందని విసుక్కునేవారు. బిగించినప్పుడు సరిగ్గానే ఉన్న కాలు, వెల్డింగ్ చేసి చల్లారాక లోపలికి లాగేసేది. ఐదు నెలలు దాని వెంటపడ్డారు. చివరికి ఆ కాలిని ఆపే దిమ్మెను కావాలనే రెండు మిల్లీమీటర్లు బయటికి జరిపారు. చూడ్డానికి వంకర. కానీ వాకర్ చల్లారేసరికి కాలు సరిగ్గా తన చోటికి వచ్చి నిలబడింది. ఆ రోజు నవ్వుతూ నాతో అన్నారు, "ఇనుముది అచ్చం నీ కోపమేనే. వేడి మీద ఏమీ తెలియదు. చల్లారాక చూసుకోవాలి ఎటు లాగిందో."

ఆ ఫిక్చర్‌ని అన్నయ్యగారు "ఒక్కరోజు చూసిచ్చేస్తానమ్మా" అని అడిగారు. నేనే గోనెసంచిలో చుట్టి చేతికిచ్చాను. తొమ్మిది రోజులకి తిరిగొచ్చింది. ప్రతి బోల్టు చుట్టూ కొలతలు తీసుకున్న సుద్దగీతలు. మా ఆయన వాటిని బొటనవేలితో తుడిచేశారు. నెల తిరక్కుండా అన్నయ్యగారి షాపు ముందు వాకర్లు వరస కట్టాయి. అంతటితో ఆగినా బాగుండేది. "వాడికి చూపు తగ్గిందిరా, దిమ్మె వంకరగా పెట్టుకున్నాడు, నేను సరిచేశా" అని టీ కొట్టు దగ్గర నవ్వారట. ఏం సరిచేశారో వాకర్లే చెప్పాయి. ఒక్కటీ నేల మీద కుదురుగా నిలవలేదు.

అప్పుడు అన్నయ్యగారి షాపు నుంచి మా ఇంటికి కబురొచ్చింది, వచ్చి చూడమని. ఈయన వెళ్ళకూడదని దేవుడికి మొక్కుకున్నాను. అది తప్పయితే దేవుడే క్షమించాలి. ఈయన వెల్డింగ్ హెల్మెట్ చంకలో పెట్టుకుని బయల్దేరారు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "అది పట్టుకుని నడిచేది వాడు కాదే. ఎవరి అమ్మో" అన్నారు. వెళ్ళి, వాళ్ళ ఫిక్చర్‌లో కూడా ఆ దిమ్మెను బయటికి జరిపి వచ్చారు. ఎందుకని అన్నయ్యగారు అడగలేదట. ఈయన చెప్పలేదట. వచ్చాక, "నేనుండగా ఈ సంగతి ఎవరితోనూ అనకు" అని దేవుడి ముందు నా చేత మాట తీసుకున్నారు.

నిజం చెబుతున్నాను. ఆ రోజు అన్నయ్యగారి కన్నా మా ఆయనే నాకు ఎక్కువ ద్రోహం చేసినట్టనిపించింది. ఆ దారంలో ఒక కొస నాది కాదా? నన్నొక్క మాట అడక్కుండా ఆ రెండు మిల్లీమీటర్లు ఎలా ఇచ్చేశారు? ఈ మాట ఆయన్ని ఎన్నడూ అడగలేదు. ఇక అడగలేను.

ఎనిమిదేళ్ళు నోరు మెదపలేదు. "నేనుండగా" అన్నారు. ఆయన లేరు. నా మాట నేను పూర్తిగా నిలబెట్టుకున్నాను. పొద్దున దేవుడి ముందు కూర్చున్నప్పుడు కూడా, ఇది నాతోనే పోనీ అనుకున్నాను. కానీ మీరు ఆయన ఫోటో ముందు నిలబడి ఆయన పనిని మళ్ళీ పట్టుకుపోయారు, అన్నయ్యగారూ. అప్పుడు గోనెసంచిలో. ఇప్పుడు మైకులో.

మిమ్మల్ని తిట్టడానికి నాకు నోరు రాదు. నా కోపం చల్లారడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఎటు లాగిందో ఇవాళ మీరే చూశారు. నా తర్వాత ఈ మైకు మళ్ళీ మీ చేతికే వస్తుంది. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోండి. ఈసారి నిజంగా సరిచేయండి.

వెల్డింగ్ అయ్యాక మా ఆయన పైపుల్ని బిగించిన క్లాంపు వెంటనే విప్పేవారు కాదు. ఇనుము చల్లారేదాకా చేతులు కట్టుకుని, మాటాపలుకూ లేకుండా దాని పక్కనే నిలబడేవారు. నేను పిలిచినా పలికేవారు కాదు. ఆయన కోసం మనమూ కాసేపు అలాగే నిలబడదాం.

అందరూ లేవండి. అన్నయ్యగారూ, మీరు కూడా.